కణానికి ‘ఇక చాలు’ అని చెప్పే ప్రోటీన్

పసిబిడ్డ ఒంటిమీద పాలు కలిపిన కాఫీ రంగులో ఒకటో రెండో మచ్చలు ఉంటే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. అయితే అలాంటి మచ్చలు ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉండి, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్ల కన్నా పెద్దగా కనిపిస్తే, వైద్యులు ‘ఎన్‌ఎఫ్1’ అనే జన్యువును అనుమానిస్తారు. ఈ జన్యువులో లోపం వల్ల వచ్చే వ్యాధి పేరు న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్-1. ఇది సుమారు 3,000 మంది శిశువుల్లో ఒకరికి ఉంటుంది. జర్మనీ వైద్యుడు ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ 1882లోనే దీన్ని వివరించాడు. కారణమైన జన్యువు మాత్రం 1990లో దొరికింది. అమెరికాలోని మిషిగన్, యూటా విశ్వవిద్యాలయాల బృందాలు దాన్ని విడివిడిగా గుర్తించాయి.

మోటారు ఎవరు ఆపాలి?

17వ క్రోమోజోమ్‌పై ఉండే ఈ జన్యువు ‘న్యూరోఫైబ్రోమిన్’ అనే ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది. 2,800కు పైగా అమైనో ఆమ్లాలున్న పెద్ద ప్రోటీన్ ఇది. దీని పని తెలియాలంటే ముందు ‘రాస్’ అనే మరో ప్రోటీన్‌ను తెలుసుకోవాలి.

కణం పెరగాలని బయటి నుంచి సంకేతం రాగానే, కణపొర లోపలివైపు ఉండే రాస్ జీటీపీ అనే అణువును పట్టుకుని ‘ఆన్’ అవుతుంది. ఆ సంకేతం రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల మీదుగా కేంద్రకానికి చేరుతుంది. కణం విభజన మొదలుపెడుతుంది. జీటీపీ విడిపోయి జీడీపీగా మారితే రాస్ ‘ఆఫ్’ అవుతుంది. చిక్కల్లా ఇక్కడే. ఈ పనిని రాస్ తనంతట తాను చాలా నెమ్మదిగా చేస్తుంది.

ఇంటిమీద ట్యాంకు నిండుతుంటే మోటారు వేసినవాళ్లు ఉంటే సరిపోదు, సమయానికి కట్టేసేవాళ్లూ కావాలి. కణంలో ఆ పని చేసే ప్రోటీన్లలో న్యూరోఫైబ్రోమిన్ ముఖ్యమైనది. దానిలోని 1276వ స్థానంలో ఉన్న ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం వేలిలా రాస్‌లోకి చొచ్చుకుని, జీటీపీ వేగంగా విడిపోయేలా చేస్తుంది. న్యూరోఫైబ్రోమిన్ లేని కణంలో రాస్ ఎక్కువసేపు ఆన్‌లోనే ఉండిపోతుంది.

ఒకే లోపం, వేర్వేరు రూపాలు

ప్రతి మనిషికీ ఈ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి. ఈ వ్యాధి ఉన్నవారిలో ఒక ప్రతి మొదటి నుంచే చెడిపోయి ఉంటుంది. జీవితంలో ఎప్పుడో ఏదో ఒక కణంలో రెండో ప్రతి కూడా దెబ్బతింటే, అక్కడ అడ్డుకునేవారు ఉండరు. నరాన్ని అంటిపెట్టుకుని ఉండే ష్వాన్ కణంలో ఇలా జరిగితే న్యూరోఫైబ్రోమా అనే గడ్డ ఏర్పడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణంలో జరిగితే కాఫీ రంగు మచ్చ వస్తుంది. ఆ రెండో దెబ్బ ఎక్కడ, ఎప్పుడు తగులుతుందో చెప్పలేం. ఒకే ఇంట్లో తండ్రికి మచ్చలు మాత్రమే ఉండి, కూతురికి గడ్డలు రావడానికి ఇదొక కారణం.

ఈ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. అయితే కొందరిలో అవి లోపలి నరాల వెంట పెద్దగా పెరిగి నొప్పి, వైకల్యం కలిగిస్తాయి. కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారతాయి. ఉన్న గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, గట్టిపడినా, ఆగకుండా నొప్పి పెట్టినా ఆలస్యం చేయకూడదు. కొందరు పిల్లల్లో కంటి నరంపై గడ్డలు వస్తాయి కాబట్టి కంటి పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. చదువులో వెనుకబడటం కూడా ఈ వ్యాధిలో తరచుగా కనిపిస్తుంది. దాన్ని బద్ధకం అనుకుని బిడ్డను దండించడం అన్యాయం.

తల్లిది తప్పు కాదు

గర్భిణి గ్రహణం చూడటం వల్లే బిడ్డకు మచ్చలు వచ్చాయనే మాట మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. గ్రహణానికీ ఈ జన్యువుకూ ఏ సంబంధమూ లేదు. ఇది అంటువ్యాధి కూడా కాదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా రాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి వ్యాధి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. అయితే సుమారు సగం మందిలో కుటుంబంలో ఎవరికీ లేకుండానే ఇది మొదలవుతుంది. అండంలోనో, వీర్యకణంలోనో యాదృచ్ఛికంగా జరిగిన మార్పు అది. అలాంటి కొత్త మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనే కనిపిస్తాయి. అలాగని తండ్రిదీ తప్పు కాదు. కణాలు డీఎన్ఏను నకలు తీసుకునేటప్పుడు దొర్లే పొరపాటుకు ఎవరూ బాధ్యులు కారు.

మందు ఎక్కడ పనిచేస్తుంది?

చెడిపోయిన జన్యువును సరిచేసే చికిత్స ఇంకా అందుబాటులోకి రాలేదు. కానీ సంకేతం వెళ్లే దారి తెలిసింది కాబట్టి, దాన్ని మధ్యలో ఆపవచ్చు. సెల్యుమెటినిబ్ అనే మందు చేసేది అదే. అది రాస్ జోలికి వెళ్లదు, కింద ఉన్న మెక్‌ను అడ్డుకుంటుంది. 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, శస్త్రచికిత్సతో పూర్తిగా తీయలేని గడ్డలున్న 50 మంది పిల్లలకు ఈ మందు ఇచ్చారు. వారిలో 35 మందికి గడ్డ పరిమాణం కనీసం 20 శాతం తగ్గింది. అదే ఏడాది అమెరికా దీన్ని పిల్లల కోసం ఆమోదించింది. ఇది వ్యాధిని నయం చేయదు, దుష్ప్రభావాలూ ఉన్నాయి. అయినా కత్తికి అందని గడ్డ మందుకు తగ్గడం చిన్న విషయం కాదు.

బిడ్డ ఒంటిమీద ఆరు మచ్చలు లెక్కకు వస్తే ముందు పిల్లల వైద్యుణ్ని కలవాలి. ఆపై జన్యు వైద్య నిపుణుల సలహా తీసుకోవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో అందుకోసం ప్రత్యేక విభాగం ఉంది. మచ్చలు ఉన్నంత మాత్రాన వ్యాధి ఖాయం కాదు. ఖాయమైనా, ఏటా చేయించే పరీక్షలతో ముప్పును ముందే పసిగట్టవచ్చు.