మెదడు చిత్రం చెప్పేదీ, చెప్పనిదీ

“స్కాన్‌లో ఏమీ లేదన్నారు, ఇక జబ్బు ఎక్కడిది?” మనోవ్యాధిగ్రస్తుల కుటుంబాలలో తరచుగా వినవచ్చే ప్రశ్న ఇది. రోగి నటిస్తున్నాడన్న అనుమానమూ, మందులు మాన్పించే ప్రమాదమూ దీని వెనుకనే పొంచి ఉంటాయి. కనుక మెదడు చిత్రాలు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పలేవో తెలుసుకోవడం అవసరం.

1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్ యంత్రంతో, కపాలాన్ని తెరవకుండానే మెదడును పొరలు పొరలుగా చూడడం సాధ్యమయింది. 1976లో ఇంగ్లండులో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో మున్నగువారు దీర్ఘకాలంగా స్కిజోఫ్రీనియాతో బాధపడుతున్న 17 మందిని ఈ పద్ధతిలో పరీక్షించారు. మెదడులో ద్రవంతో నిండి ఉండే కుహరాలు ఆరోగ్యవంతులలో కంటె వారిలో సగటున పెద్దవిగా కనిపించాయి. దయ్యమనీ, గ్రహపీడ అనీ, పెంపక లోపమనీ నిందలు మోసిన వ్యాధికి దేహంలోనే ఒక ఆనవాలు దొరికింది.

“సగటున” అన్న మాట ఇక్కడ గమనింపదగినది. ఆరోగ్యవంతులలో కొందరి కుహరాలు పెద్దవి. రోగులలో అనేకుల కుహరాలు మామూలువే. రెండు సమూహాల నడుమ భేదాన్ని చూపిన చిత్రం, ఒక వ్యక్తికి వ్యాధి ఉన్నదీ లేనిదీ తేల్చజాలదు.

మరి వైద్యుడు స్కాన్ ఎందుకు వ్రాస్తాడు? మెదడులో గడ్డ, రక్తస్రావం, మెదడువాపు వంటివి ఒక్కొక్కప్పుడు మతిభ్రమ రూపంలో బయటపడతాయి. వాటి చికిత్స వేరు. “స్కాన్ బాగుంది” అంటే అటువంటి కారణాలు కనబడలేదని అర్థమే గాని, వ్యాధి లేదని కాదు.

చికిత్సకూ ఈ చిత్రాలు దారి వెదుకుతున్నాయి. తీవ్రమైన కుంగుబాటులో మెదడులోని ఒక చిన్న భాగం అతిగా పనిచేస్తున్నట్లు చిత్రాలు సూచించగా, 2005లో కెనడాలోని టొరంటోలో హెలెన్ మేబర్గ్ బృందం అక్కడ సన్నని తీగలమర్చి స్వల్ప విద్యుత్తును పంపింది. మందులకు లొంగని ఆరుగురిలో నలుగురు కోలుకున్నారు. అయితే తరువాత మరింతమందిపై జరిపిన పరీక్షలో ఆశించిన ఫలితం రుజువు కాలేదు. పరిశోధన సాగుతూనే ఉన్నది.

1974లో రూపుదిద్దుకున్న బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌కు దేశం నలుమూలల నుండి రోగులు వస్తారు. అధునాతన యంత్రాలున్న అక్కడ కూడ మనోవ్యాధి నిర్ణయం సంభాషణతోనే మొదలవుతుంది. తెలుగైనా, తమిళమైనా, హిందీ అయినా రోగి తన భాషలో చెప్పుకొనే బాధకు బదులుగా నిలువగల చిత్రం ఇంకా రాలేదు. స్కాన్ కాగితాన్ని చదివే ముందు ఆ మాట వినడం కుటుంబానికీ కర్తవ్యమే.