కాటన్ అను ఇంటిపేరు

గోదావరి జిల్లాలలో కాటన్ దొరగారి పేరు వినని పల్లె లేదు. ధవళేశ్వరముకడ 1847వ సంవత్సరమున మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట వలన ఆ పేరు మన నోళ్లలో నిలిచినది. స్నానసంకల్పమున ఆయనను గూడ స్మరించు వైదికులు కలరని చెప్పుదురు. పాత ఆనకట్టకు బదులుగా కట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజికి సైతము ఆయన పేరే పెట్టిరి. ఆర్థర్ అనునది ఆయనకు తలిదండ్రులు పెట్టిన పేరు. కాటన్ అనునది ఇంటిపేరు. మనము ఇంటిపేరును ముందు చెప్పి సొంతపేరును తరువాత చెప్పుదుము. ఇంగ్లీషువారు సొంతపేరును ముందు చెప్పి ఇంటిపేరును కడపట చెప్పుదురు. మనవారు ఆ దొరను ఇంటిపేరుతోనే ఎరుగుదురు గనుక ఆ ఇంటిపేరు ఎక్కడిదో, దాని అర్థమేమో నేడు విచారింతము.

కాటన్ అనగా పత్తి అని అందరకును తెలియును. బట్టల కొట్టులో కాటను గుడ్డ యని అడుగనివారు లేరు. కావున ఆ దొరగారి పూర్వులు పత్తి వర్తకులై యుందురని తలచుట సహజమే. ఇంగ్లండులో సైతము ఈ తలపు కలుగుటకు తగిన కారణములు కలవు. లాంకషైర్, చెషైర్ జిల్లాలు ఒకప్పుడు నూలుమిల్లులకు ప్రసిద్ధి కెక్కినవి. కాటన్ దొరగారి వంశమువారి పాత నివాసము ఆ చెషైర్‌లోనిదే. అదిగాక, మన దేశమున కాలువలు త్రవ్వవలెనని ఆయన వాదించినప్పుడు మాంచెస్టరు పత్తి వర్తకులు ఆయన పక్షము వహించిరి. ఇన్ని కుదిరినప్పుడు సందేహించువా రెవరు? అయినను ఆ ఇంటిపేరునకును పత్తికిని ఏ సంబంధమును లేదు.

పత్తి ఇంగ్లండు చలికి పండదు. దానికి ఇంగ్లీషువారి సొంతమాట యొకటి ఏర్పడలేదు. అరబ్బులు 'కుత్న్' అని పిలిచిన పేరు ఫ్రెంచివారి నోట మారి, అక్కడినుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. ఇంటిపేరునకు మూలమైన ఊళ్ల పేర్లు అంతకంటె పాతవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి. వారి రాజగు విలియము ఏ ఊర ఎంత భూమి, ఎన్ని నాగళ్లు, ఎవరి కెంత కలదో ఊరూర విచారింపజేసి 1086లో ఒక పెద్ద కవిలె వ్రాయించెను. దానిని డూమ్స్‌డే గ్రంథ మందురు. మన గ్రామకరణములు వ్రాసిన కవిలెలవంటిదే, కాని దేశమంతటికిని ఒక్కటి. పత్తి పేరు ఇంగ్లీషువారి వాడుకలో స్థిరపడుటకు పూర్వమే ఆ గ్రంథమున ఈ జాతి ఊళ్ల పేర్లు కనబడుచున్నవి.

ప్రాచీనపు ఇంగ్లీషు భాషలో 'కొట్' అనగా గుడిసె. నేటి 'కాటేజి' అను మాటకును మూలమిదియే. ఆ భాషకు విభక్తులు కలవు. గుడిసెలయందు అని చెప్పవలసినప్పుడు 'కొటుమ్' అనెడివారు. నీ వెక్కడ నుందువని అడిగిన, 'ఎట్ కొటుమ్', అనగా గుడిసెలకడ, అని బదులు చెప్పెడివారు. కాలక్రమమున ఆ మాట విభక్తితో గూడ గడ్డకట్టి ఊరిపేరైనది. తుది 'ఉమ్' అరిగి 'అన్' అయినది. ఆ ఊరిపేరే ఇంటిపేరైనది. కాబట్టి కాటన్ అను పేరులోని తుది అక్షరము పాత విభక్తి ప్రత్యయపు అవశేషము.

ఇది మనకు క్రొత్త గాదు. వ్యాకరణము చదివిన పెద్దలకు ఔపవిభక్తికములు జ్ఞాపకముండును. ఊరు ఏలూరు; ఇంటిపేరు ఏలూరివారు. దుర్గము కొండవీడు, ఇంటిపేరు కొండవీటివారు. గుడిపాడు ఊరు, గుడిపాటివారు మనుష్యులు. ఊరిపేరు ఇంటిపేరగునప్పుడు మన భాషలో చివర 'రి' యనియు 'టి' యనియు మారును. మాటలాడువారికి అది విభక్తికార్యమని స్ఫురింపదు; అయినను పేరుతోపాటు తరతరములుగ వచ్చుచునే యున్నది. ఇంగ్లీషువాని 'అన్' కూడ అట్టిదే. వారి భాష ఆ విభక్తులను చాలవరకు పోగొట్టుకొని వందలయేండ్లైనది. ఊళ్ల పేర్లలోను ఇంటిపేర్లలోను మాత్రము అవి దాగియున్నవి.

గుడిసెలు లేని సీమ ఉండదు గనుక ఇట్టి ఊళ్లును పెక్కు. కేంబ్రిడ్జి పట్టణమునకు పడమట కొద్ది మైళ్లలో కోటన్ అను పల్లె యొకటి కలదు. నార్తాంప్టన్‌షైర్‌లోను, స్టాఫర్డ్‌షైర్‌లోను, ష్రాప్‌షైర్‌లోను ఆ పేరి ఊళ్లు కలవు. డెర్బీషైర్‌లోని 'కోటన్ ఇన్ ది ఎల్మ్స్' అను ఊరికి ఒక వింత ప్రసిద్ధి కలదు. బ్రిటను ద్వీపమున సముద్రమునకు మిక్కిలి దూరమైన చోటు ఆ ఊరి సమీపపు పొలములోనే యున్నదని గణించిరి. ఆ దూరము సుమారు 113 కిలోమీటర్లు మాత్రమే! నాటింగ్‌హామ్‌షైర్‌లో అదే మాట కాటమ్ అయినది, కోతమ్ అయినది. మరికొన్ని చోట్ల విభక్తి లేక 'కోట్స్' అని బహువచనముగ నిలిచినది. కాటమ్, కోతమ్, కోట్స్ అను ఇంటిపేర్లవారందరును ఈ విధముగ కాటన్‌కు మాటవలన దాయాదులు, రక్తమువలన కానక్కరలేదు.

ఊరిపేరు ఇంటిపేరగుటలో ఒక న్యాయము కలదు. ఊరిలోనే యుండువానిని ఎవరును ఆ ఊరిపేరుతో పిలువరు. అందరును ఆ ఊరివారే గదా. ఊరు విడిచి పొరుగూరు చేరినవానినే అట్లు పిలుతురు. నార్మనుల కాలపు దస్తావేజులలో ఇట్టివారిని సొంతపేరు వ్రాసి, పిదప 'డి' అని చేర్చి ఊరిపేరు వ్రాసెడివారు. అనగా ఫలాని ఊరివాడని అర్థము. మొదట ఆ గుర్తు ఒక్క మనిషికే చెందెడిది. కొడుకు మరియొక గుర్తుతో పిలువబడవచ్చును. భూములు తండ్రినుండి కొడుకునకు సంక్రమించుటకు పేరు నిలుకడగ నుండుట మేలని భూస్వాములు మొదట గ్రహించిరి. పదునాల్గవ శతాబ్దము నాటికి సామాన్యులలోను ఈ మర్యాద చాలవరకు వ్యాపించెను. 'డి' జారిపోయి ఊరిపేరొక్కటే మిగిలెను. 1538లో ప్రతి దేవాలయమునందును పెండ్లిండ్లు, జ్ఞానస్నానములు, ఖననములు పుస్తకమున వ్రాయవలెనని ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వము శాసించెను. వ్రాతలో కెక్కిన పేరు కదలదు. అయినను వర్ణక్రమము మాత్రము వ్రాయువాని చేతిలోనిదే. ఒకే కుటుంబము ఒక పుట కోటన్, మరియొక పుట కాటన్ అగుచుండెను.

గుడిసెలలో నుండినవా రెవరు? డూమ్స్‌డే గ్రంథములో వారిని వేరుగ లెక్కించిరి. ఊరిలో చాల తక్కువ భూమి గలవారు, లేనివారు. దొర పొలములో కూలిచేసి బ్రదుకువారు. కావున కాటన్ అను పేరి మూలము కోటలు గావు, పూరికప్పులు. ఇంతటి పేరు ప్రభువులకు చేరిన విధము వినదగినది.

కాటన్ దొరగారి పూర్వులు ష్రాప్‌షైర్‌లోని కోటన్ ఊరివారని వంశచరిత్రలు చెప్పుచున్నవి. ఆ వంశమున జార్జి కాటన్ అనునతడు ఎనిమిదవ హెన్రీ రాజు కొలువులోనివాడు. ఆ రాజు సన్యాసుల మఠములను రద్దుచేసి వాని మాన్యములను స్వాధీనపరచుకొనెను. చెషైర్‌లోని కంబర్‌మియర్ మఠము 1538లో అట్లు పోయెను. మరుసటియేడు రాజు దానిని జార్జి కాటన్‌కు ఇచ్చెను. ఊరివారికి ఆ మార్పు ఎట్లు తోచెనో గాని, కాటన్లు అప్పటినుండి సుమారు నాలుగువందల యేండ్లు అచ్చట నిలిచి 1919లో ఆ యాస్తి నమ్మివేసిరి. 1677లో ఆ యింటివాడొకడు బారొనెట్ బిరుదు పొందెను. అతడు వేల్సు దేశమున సాల్స్‌బరీ అను సంపన్న కుటుంబపు కూతురును పెండ్లియాడుటచే ఆ యింటిపేరు సంతతివారి పేర్ల నడుమ చేరెను. మనలో దత్తుడు ఆస్తితోపాటు ఇంటిపేరును స్వీకరించును. వారిలో అల్లునివైపుకు ఆస్తి వచ్చినను పేరును చేర్చుకొనుట కలదు. గోత్రమను మాట వారికి లేదు. ఒకే ఇంటిపేరువారు పెండ్లాడుటకు అభ్యంతరమును లేదు.

ఆర్థర్ కాటన్ 1803లో పుట్టెను. ఆయన తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్ ఆ బారొనెట్ల యింటి చిన్నవారిలోనివాడు. పదునొకొండుగురు కొడుకులను గన్నవాడు. ఆర్థర్ వారిలో పదవవాడు. పెద్దకొడుకునకే భూమి యను వారి ధర్మమున చిన్నశాఖలవారికి ఉద్యోగమే గతి. కావుననే ఆ యింట పలువురు ఇండియాకు వచ్చిరి. ఆర్థర్‌కు పెదతండ్రి కొడుకు వరుసయగు స్టేపిల్టన్ కాటన్ సేనాధిపతియై 1826లో భరతపురము కోటను పట్టెను; అప్పటికే అతనిని కాటన్ అనుట మాని కంబర్‌మియర్ ప్రభు వనుచుండిరి. బిరుదు వచ్చిన యింగ్లీషువాని ఇంటిపేరు ఇట్లు మరుగుపడును. ఆర్థర్ కాటన్‌కు 1861లో వచ్చినది 'సర్' అను చిన్న బిరుదే గనుక ఆయన ఇంటిపేరు మనకు దక్కినది! ఆయన జీవితచరిత్ర వ్రాసిన కూతురు వివాహమువలన లేడీ హోప్ అయినది. ఆ పుస్తకముపై ఆమె పుట్టింటి పేరు తండ్రి పేరులోనే కనబడును.

ఇండియాలో కాటన్ అను పేరు పెట్టుకొని తిరిగినవారందరు ఈ యింటివారే యనుకొనరాదు. బెంగుళూరులోను సిమ్లాలోను గల బిషప్ కాటన్ పాఠశాలలు కలకత్తా బిషప్పు జార్జి ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరివి. ఆయన 1866లో కుష్టియా వద్ద పడవ నెక్కుచు పలకపైనుండి జారి నదిలో పడి మరణించెను. సర్ హెన్రీ కాటన్ మరియొక కుటుంబమువాడు. ఆయన 1845లో కుంభకోణమున పుట్టెను. ఆ కావేరీ ప్రాంతముననే, అంతకు తొమ్మిదేండ్లు ముందు, 1836లో ఆర్థర్ కాటన్ కొల్లిడమునకు ఆనకట్టలు కట్టించెను, ఇది కాకతాళీయమే. సర్ హెన్రీ అస్సామునకు చీఫ్ కమిషనరుగ నుండి, పిమ్మట 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యెను. గౌహతిలో ఆయన పేరి కళాశాల 1901లో వెలసినది.

ఇంగ్లండులో ఈ పేరు పండితులకు జ్ఞాపకముండుట వేరొక కాటన్ వలన. హంటింగ్‌డన్‌షైర్‌కు చెందిన సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) పాతవ్రాతప్రతులను ప్రోగుచేయుటలో జీవితము గడపెను. ఒక్కొక్క బీరువాపై ఒక్కొక్క రోమను చక్రవర్తి ప్రతిమ నుంచి, ఆ చక్రవర్తి పేరుతో గ్రంథములకు గుర్తు లిచ్చెను. ఇంగ్లీషువారి ప్రాచీన వీరకావ్యము 'బేవుల్ఫ్' మిగిలినది ఆ భాండారములోని ఒక్క ప్రతివలననే. 1731లో ఆ భాండారమునకు నిప్పంటుకొనినప్పుడు ఆ ప్రతి అంచులు కాలినను బ్రదికినది. నేడును అది విటెల్లియస్ చక్రవర్తి బీరువా గుర్తుతోనే పిలువబడుచున్నది.

ఇందరు కాటన్లకును ఒక్కడే మూలపురుషుడా? కాడు. ఊళ్లు పెక్కైనప్పుడు మూలపురుషులును పెక్కురే. తండ్రినుండి కొడుకునకే వచ్చు జీవబీజలక్షణమును పరీక్షించి లెస్టర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నలుబది ఇంగ్లీషు ఇంటిపేర్లను పరిశోధించి 2009లో ఫలితము ప్రకటించిరి. అరుదైన పేరుగలవారు చాలవరకు ఒక్క వంశమువారుగ తేలిరి. స్మిత్ వంటి పేరుగలవారిలో పరస్పర సంబంధము కానరాలేదు. స్మిత్ అనగా కమ్మరి. కొలిమి లేని ఊరుండదు గదా. 2010లో అమెరికా జనసంఖ్యలో స్మిత్ అను పేరువారు 24,42,977 మంది. కాటన్లు అంతమంది లేరు, వేలలో లెక్కింపదగినవారు. ఊరిపేరివాడు ఊళ్లనుబట్టి పెరుగును, వృత్తిపేరివాడు వృత్తినిబట్టి పెరుగును.

కాటన్లు నేడు పుట్టింటికంటె అమెరికాలో ఎక్కువమంది కలరు. ఆ పేరు ఆ దేశమున చాల ముందే అడుగుపెట్టినది. జాన్ కాటన్ అను మతగురువు 1633లో లింకన్‌షైర్‌లోని బోస్టన్ విడిచి అమెరికాలోని బోస్టన్‌కు వలసపోయెను. ఆయన కూతురి కొడుకునకు తాతగారి ఇంటిపేరునే సొంతపేరుగ పెట్టి కాటన్ మేథర్ అనిరి. తల్లివైపు ఇంటిపేరును బిడ్డకు సొంతపేరు చేయుట వారిలో కలదు. మనలో తాతపేరే పెట్టుదుము గాని ఇంటిపేరు పెట్టము.

ఆ దేశపు కాటన్లలో నల్లవారును గణనీయముగ కలరు. బానిసలుగ కొనిపోబడినవారికి సొంత ఇంటిపేర్లు నిలువనీయలేదు. విడుదల పొందినప్పుడు పలువురు యజమానుల పేర్లో, తమకు నచ్చిన పేర్లో వ్రాయించుకొనిరి. మిసిసిపీ సీమలో 1935లో పుట్టి, నోటితో ఊదు హార్మోనికా వాద్యమున ప్రసిద్ధుడై 2017లో గతించిన జేమ్స్ కాటన్ ఆ జాతివాడు. ఆయన పుట్టినది పత్తితోటలో. పత్తిచేలలో పుట్టి పత్తి పేరు ధరించిన మనిషిని జూచి అక్కడివారెవరైనను ఆ రెండింటిని ముడిపెట్టకుందురా? ఆ పేరు మాత్రము పత్తి ముఖమెరుగని చలిదేశపు గుడిసెలనుండి వచ్చినది.