కంప్యూటరు వేచియుండవలెనా?

ఒక హోటలులో సర్వరు ఒక్కడే ఉన్నాడనుకొందము. ఒక బల్లవద్ద కూర్చున్న పెద్దమనిషి ఇడ్లీ తెప్పించుకొనుటయా, దోసె తెప్పించుకొనుటయా అని తేల్చుకొనలేకున్నాడు. ఆయన నోరు విప్పువరకు సర్వరు అచ్చటనే నిలిచియున్నచో తక్కిన బల్లలవారి గతి ఏమి? కంప్యూటరు ప్రోగ్రాములలో కూడ ఇట్టి చిక్కే కలదు.

కీబోర్డు నుండిగాని, దూరమున ఉన్న మరియొక కంప్యూటరు నుండిగాని ప్రోగ్రామునకు సమాచారము ధారగా వచ్చును. దీనిని నివేశ ప్రవాహ మందురు. యూనిక్స్, లినక్స్ వంటి నిర్వాహక వ్యవస్థలలో ప్రోగ్రాము 'రీడ్' అను ఆజ్ఞతో ఈ సమాచారమును కోరును. సమాచారము ఇంకను రానిచో, వచ్చువరకు ప్రోగ్రాము నిద్రించును. ఆ సమయమున ప్రాసెసరు ఇతర ప్రోగ్రాముల పని చూచునుగాని, ఈ ప్రోగ్రాము మాత్రము అడుగు ముందుకు వేయదు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు సెకండుకు 300 కోట్ల సార్లు స్పందించును. మనిషి ఒక మీట తరువాత మరియొక మీట నొక్కుటకు సెకండులో అయిదవ వంతు పట్టినను, ఆ నడుమ 60 కోట్ల స్పందనలు గడచిపోవును.

బల్లకొక సర్వరును నియమింపవచ్చును. కాని వేలకొలది బల్లలున్నచో ఆ సర్వరుల పోషణయే భారమగును. మరియొక మార్గము, ప్రవాహమును 'ఆపని' పద్ధతిలో ఉంచుట. అప్పుడు రీడ్ ఆజ్ఞ నిద్రింపక వెంటనే తిరిగివచ్చును. సమాచారము లేనిచో 'ఈఅగైన్' అను సంకేతము నిచ్చును. "ఇప్పుడు లేదు, మరల అడుగుము" అని దీని భావము. ఇది వైఫల్యము కాదు. ప్రవాహము పూర్తిగా ముగిసినచో రీడ్ సున్న నిచ్చును. ఈ రెంటికిని భేదము నెరుగని ప్రోగ్రాము, ఇంకను సాగుచున్న సంభాషణను ముగిసినదని భ్రమించి తెంచివేయును.

ఐనను ప్రతి క్షణము "వచ్చినదా? వచ్చినదా?" అని అడుగుచున్నచో ప్రాసెసరు శక్తి అంతయు ఆ ప్రశ్నలకే వ్యయమగును. గల్లాపెట్టెవద్ద కూర్చున్న యజమాని అన్ని బల్లలను కనిపెట్టి "3, 7 నెంబర్లవారు పిలుచుచున్నారు" అని చెప్పినచో సర్వరు వృథాగా తిరుగనక్కరలేదు. 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి. యూనిక్స్‌లోని 'సెలెక్ట్' ఇట్టి యజమానియే. కాని ప్రతి పర్యాయము బల్లల జాబితా నంతయు ఆయనకు మరల అందింపవలెను. లినక్స్‌లో ఆ జాబితాకు సాధారణముగా 1024 హద్దు. 1999లో డాన్ కెగెల్ ఒకే కంప్యూటరు ఒకేసారి 10,000 మందికి సేవ చేయుట ఎట్లను ప్రశ్నను చర్చకు తెచ్చెను. జాబితాను ఒకమారు నమోదు చేసిన చాలునను ఏర్పాటు 2000లో ఫ్రీబీఎస్‌డీలో 'కేక్యూ' గాను, 2002లో లినక్స్‌లో 'ఈపోల్' గాను వచ్చెను.

ఇంతటితో చిక్కులన్నియు తీరలేదు. వచ్చిన సమాచారము పూర్తి మాటగా రావలెనను నియమము లేదు. యూటీఎఫ్-8 విధానములో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు మరి 3 బైట్లు పట్టును. 'తెలుగు' అను మాటకు 18 బైట్లు. మొదట 10 బైట్లే చేరినవనుకొనుడు. 'తెల' వరకు 9 బైట్లు సరిపోవును. మిగిలిన ఒక బైటు కొమ్ములోని మూడవ వంతు మాత్రమే. దానిని అప్పుడే అక్షరముగా మార్చబోయినచో తెరపై అర్థములేని గుర్తు కన్పించును. కావున ప్రోగ్రాము ఆ శేషమును ప్రవాహమున కొకటిగా ఏర్పరచిన నిలువలో దాచియుంచి, తక్కిన 2 బైట్లు వచ్చిన పిదప కలిపి చదువవలెను. నిద్రించు ప్రోగ్రామునకు తాను ఎచ్చట ఆగినదియు సహజముగనే తెలియును. ఆగని ప్రోగ్రాము ప్రతి సంభాషణను జ్ఞాపకముంచుకొనవలెను. ఆగకుండుటకు చెల్లింపవలసిన మూల్యమిదియే.

మరియొక జాగ్రత్త కూడ అవసరము. ఒక్క సర్వరే అందరిని చూచుచున్నప్పుడు, ఒకరికొరకు 2 సెకండ్లు పట్టు లెక్క చేయ మొదలిడినచో తక్కినవారందరును 2 సెకండ్లు నిరీక్షింపవలసినదే. డిస్కులోని ఫైళ్లకు 'ఆపని' పద్ధతి పనిచేయదు. అవి ఎల్లప్పుడును సిద్ధముగా ఉన్నట్లే సెలెక్ట్ చెప్పును, కాని చదువుటలో జాప్యము కలుగుచునే యుండును. ఇందులకు పని నప్పగించి, ముగిసిన వార్త నందుకొను మార్గమే శరణ్యము. 2019లో లినక్స్‌లో చేరిన 'ఐఓ యూరింగ్' అట్టిది. ఇదియే నిజమైన అసమకాలిక పఠనము.

ఒక్క ప్రోగ్రాము వేలమందికి బదులు చెప్పగలుగుటకు దాని వేగ మొక్కటే కారణము కాదు. ఎవరికొరకు ఆగరాదో, ఎవరి మాట ఎంతవరకు వచ్చినదో అది ఎరిగియుండుటయే ముఖ్య కారణము.