కృష్ణాజిల్లా యెల్లలు

జిల్లా యన్నంతనే అనాదిగా నిలిచియున్న యొక సీమ మనస్సునకు తోచును. కృష్ణాజిల్లా చరిత్రమును పరిశీలించినచో నీ భ్రమ తొలగును. పాలకులు దాని యెల్లలను పలుమారులు మార్చిరి. కృష్ణానది యొక్క నీటిపై నాధారపడిన రైతు మాత్రము మారలేదు.

ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్టణమున కోఠీని నెలకొల్పిరి. 1766నాటి సంధివలన ఉత్తర సర్కారులు నైజామునుండి కుంఫిణీవారికి సంక్రమించెను. గుంటూరు సర్కారు మాత్రము 1788లో గాని వారి వశము కాలేదు. కలెక్టర్ల పాలన 1794లో ఆరంభమైన పిమ్మట మచిలీపట్టణము, గుంటూరు వేర్వేరు జిల్లాలుగ నుండెను. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, ఘోరమైన కరవు గుంటూరు సీమను పీడించెను. నది చెంతనే పారుచుండియు పొలమునకు నీరు లేదయ్యెను.

కడకు 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియయ్యెను. ఎడమగట్టున తూర్పు డెల్టాకును, కుడిగట్టున పడమటి డెల్టాకును కాలువలు సాగెను. 1859లో గుంటూరును మచిలీపట్టణముతో జేర్చి కృష్ణాజిల్లాను నిర్మించిరి. ఆనకట్టయొక్క రెండు గట్లును ఒక్క కలెక్టరు క్రిందికి వచ్చెను. ఈ యేర్పాటు నలువదియైదేండ్లు నడచెను. 1904లో నదినే యెల్లగా జేసి గుంటూరును వేరుపఱచిరి. గోదావరిజిల్లానుండి ఏలూరు, తణుకు, భీమవరము, నరసాపురము మున్నగు తాలూకాలను కృష్ణకు జేర్చిరి. 1925లో అవి పశ్చిమగోదావరి జిల్లాగా విడివడెను.

స్వరాజ్యము వచ్చిన తరువాతను ఈ గీతలు నిలువలేదు. పాత యానకట్టకు మారుగా ప్రకాశం బ్యారేజి 1957లో వెలసెను. 2022లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు జేరగా, మచిలీపట్టణము కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణముగ నిలిచెను. బందరు కాలువ తల యొక జిల్లాలోను, శివారు మఱియొక జిల్లాలోను బడినవి.

పరిపాలనా సౌలభ్యమునకై జిల్లాలను విభజించుట తప్పుగాదు. కాని నీరు దస్తరములోని గీతను గుర్తింపదు. పల్లమును మాత్రమే యెఱుగును. తలకట్టున లాకు మూసినచో నెండునది శివారు రైతు పైరే. అతని మొఱ రెండు కచేరీలనడుమ నలిగిపోరాదు. కావున నెల్లలు గీయువారు తాలూకాల పటముతోబాటు కాలువల పటమునుగూడ ముందుంచుకొనుట యవశ్యము. జిల్లాలెన్నియైనను కావచ్చును; కాలువకు మాత్రము తలనుండి శివారువఱకు నొక్కటే న్యాయముండవలెను.