పదిహేనేళ్ల కల.. బీబీనగర్-నడికుడి రైలు

మిర్యాలగూడ: నిజాం కాలంలో వేసిన రైలు మార్గం 1889లో బెజవాడ చేరింది. అయితే అది భువనగిరి, ఆలేరు వైపు నల్లగొండ జిల్లా అంచును మాత్రమే తాకి కాజీపేట మీదుగా వెళ్లిపోయింది. జిల్లా నడిబొడ్డుకు రైలు రాలేదు. కృష్ణ ఆవలి ఒడ్డున పల్నాడులో గుంటూరు-మాచర్ల మీటరుగేజి బండి నడుస్తుంటే, ఈవలి ఒడ్డున మిర్యాలగూడ వారికి ఎడ్లబండ్లు, లారీలు, బస్సులే గతి.

1967లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారు. వరి పెరిగింది, రైసుమిల్లులు వెలిశాయి, బియ్యం దూర ప్రాంతాలకు పంపాల్సిన అవసరం వచ్చింది. ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్న 1974లో బీబీనగర్-నడికుడి లైనుకు శంకుస్థాపన జరిగింది. పని పూర్తయ్యేసరికి 1989 వచ్చింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లవాడు అప్పటికి పదో తరగతి ఈడుకొచ్చాడు!

వలిగొండ, రామన్నపేట, చిట్యాల, నల్లగొండ, తిప్పర్తి దాటి సాగే ఈ మార్గంలో చూడముచ్చటైన చోటు విష్ణుపురం దాటాక వస్తుంది. గుట్టలు, చెలకలు వెనకబడి, బండి కృష్ణమ్మ వంతెన ఎక్కుతుంది. మూసీ కృష్ణలో కలిసే వాడపల్లి ఆ చేరువలోనే ఉంది. 2014 నుంచి ఈ ఏరు రెండు రాష్ట్రాల సరిహద్దు కూడా. కాజీపేట, విజయవాడ చుట్టు తిరగనక్కర లేకపోవడంతో సికింద్రాబాద్-గుంటూరు ప్రయాణం దాదాపు 100 కిలోమీటర్లు తగ్గింది. నారాయణాద్రి, విశాఖ, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లు ఇటే నడిచాయి.

చిక్కల్లా ఒంటి పట్టాతోనే. ఎదురుబండి వస్తే ఇవతలి బండి స్టేషనులో ఆగి దారి ఇవ్వాల్సిందే. సిమెంటు రవాణాకు తోడు దామరచర్ల మండలం వీర్లపాలెం వద్ద కట్టిన 4000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రానికి బొగ్గు కూడా రైలు మీదే రావాలి. గుంటూరు-బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల మేర రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

సూర్యాపేట, కోదాడల సంగతి వేరు. హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఎంత పేరున్నా ఈ రెండు పట్టణాలకూ రైలు స్టేషను లేదు. సూర్యాపేట వారు బస్సెక్కి మిర్యాలగూడకో, నల్లగొండకో, కోదాడ వారు ఖమ్మానికో పోయి బండి పట్టుకోవాలి. జగ్గయ్యపేట వైపు నుంచి మేళ్లచెరువు మీదుగా విష్ణుపురానికి కలిసే లైను ఉన్నా, అది ముఖ్యంగా సిమెంటు ఫ్యాక్టరీల అవసరం కోసం వచ్చింది. మోటుమర్రి-విష్ణుపురం మధ్య ఆ లైనుకు రెండో పట్టా వేసేందుకు 2024 ఫిబ్రవరిలో ఆమోదం లభించింది. సరుకుతో పాటు మనుషులను ఎక్కించుకునే బండ్లు ఆ పట్టాల మీద ఎన్ని తిరుగుతాయన్నదే హుజూర్‌నగర్, కోదాడ ప్రాంత ప్రజల ప్రశ్న.