గవిని యొద్ద ఘనత పొందవలసిన స్త్రీలు



ఏటా మార్చి 8వ తేదీ వచ్చిందంటే మన కళాశాలల్లో మహిళా దినోత్సవ సభలు జరుగుతాయి. వేదిక మీద పటాలు పెట్టి పూలమాలలు వేస్తారు. 1848లో పూనాలో ఆడపిల్లలకు బడి తెరిచిన సావిత్రిబాయి ఫూలేను, 1918లో వేలూరులో స్త్రీల కోసం వైద్య విద్యాలయం ప్రారంభించిన ఐడా స్కడ్డర్ దొరసానిని, కలకత్తా వీధుల్లో దిక్కులేనివారిని చేరదీసిన మదర్ థెరిసాను తలచుకుంటారు. మంచిదే. అయితే సభ ముగిసి పల్లె బస్సు ఎక్కిన విద్యార్థినికి ఒక సందేహం మిగిలిపోతుంది. “వాళ్ళు ఎక్కడెక్కడివారో, గొప్పవారు. ఈ మెట్ట ఊళ్ళో పుట్టిన నేనెంత?” అని.

ఆ సందేహానికి జవాబు మన నెల్లూరు జిల్లాలోనే ఉన్నది.

సామెతల గ్రంథం ముప్పది యొకటవ అధ్యాయంలో గుణవతియైన స్త్రీని గురించిన మాటలు మన వివాహ ఆరాధనల్లో తరచుగా వింటుంటాము. ఆ అధ్యాయం ముగిసే తీరు గమనించండి. ఆమెను ఇంటివారు మెచ్చుకోవడంతో అది ఆగదు. ఆమె చేసిన పనులకు ఊరి గవిని దగ్గర కూడా పేరు రావాలంటుంది. ఆనాడు గవిని అంటే పెద్దలు కూర్చుని న్యాయం తీర్చే చోటు, నలుగురూ వినే చోటు. ఈనాటి కళాశాల వేదిక అటువంటి గవినియే. అక్కడ ఎవరి పేరు పలుకుతామో వారి అడుగుజాడలే పిల్లలకు దారి అవుతాయి.

బడికి వెళ్ళని అమ్మ బడి కట్టింది

పొణకా కనకమ్మ గారు 1892లో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్ళయింది. పొట్లపూడి గ్రామంలో సంపన్నమైన ఇంటి కోడలు. బడిలో కూర్చుని చదివే భాగ్యం ఆమెకు కలుగలేదు. ఇంట్లోనే పుస్తకాలు ముందు పెట్టుకుని పట్టుదలతో చదువుకున్నారు, రచయిత్రి అయ్యారు. 1921లో గాంధీగారు ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమానికి ఆమె భూమి ఇచ్చారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు కూడా వెళ్ళారు.

ఇవన్నీ ఒక ఎత్తు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం ఆమె స్థాపించిన కస్తూరిదేవి విద్యాలయం ఒక ఎత్తు. అప్పట్లో ఈడొచ్చిన పిల్లను గడప దాటించడమే తప్పుగా ఎంచేవారు. అటువంటి కాలంలో, తనకు అందని దానిని ఇతరుల బిడ్డలకు అందించాలని ఆమె పూనుకున్నారు. తాను పోగొట్టుకున్నదాన్ని తలచుకుని ఏడుస్తూ కూర్చునేవారు చాలామంది ఉంటారు. ఆ లోటు మరొకరికి రాకూడదని బడి కట్టేవారు బహు కొద్దిమంది. ఆమె 1963లో కన్నుమూశారు. ఆమె రాసుకున్న స్వీయచరిత్ర ‘కనకపుష్యరాగం’ మన కళాశాలల గ్రంథాలయాల్లో ఉండదగిన పుస్తకం.

రాత్రి బడిలో వెలిగిన దీపం

రెండవ స్త్రీ మనకు ఇంకా దగ్గర. కలిగిరి మండలంలోని దూబగుంట రోశమ్మ గారు. ఆమెకు ఆస్తి లేదు, పదవి లేదు, బడి చదువు లేదు.

1991 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరం వచ్చిన స్త్రీలు నూటికి 33 మంది మాత్రమే. ఆ సంవత్సరమే మన జిల్లాలో అక్షరదీపం కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలి చేసి అలసిన ఆడవాళ్ళు రాత్రి పూట పలకలు పట్టుకుని కూర్చున్నారు. వారి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుడు వల్ల సంసారం ఎలా పాడైపోతుందో ఆ పాఠం చెప్పింది. చదివినవారికి అది పరాయి కథగా తోచలేదు. అది తమ ఇంటి కథే. బియ్యం కొనవలసిన డబ్బు సారా ప్యాకెట్లకు పోతోంది. నీళ్ళు లేని ఊరికి కూడా సారా మాత్రం తప్పకుండా వస్తోంది. ఎందుకిలా అని వారు ఒకరినొకరు అడుగుకున్నారు.

రోశమ్మ గారు ముందు నిలబడగా దూబగుంట స్త్రీలు ఊళ్ళో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తక్కిన ఊళ్ళ రాత్రి బడులకు చేరింది. చదివినవారు చదివి ఊరుకోలేదు. ఊరూరా స్త్రీలు లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని సడలించారన్నదీ నిజమే. అంతమాత్రాన ఆ స్త్రీలు చేసింది వ్యర్థం కాలేదు. పలక పట్టిన చేయి ప్రభుత్వాన్ని కూడా కదిలించగలదని వారు చూపించారు. రోశమ్మ గారు 2016లో మరణించారు.

కళాశాలలో కనబడనివారు

వీరిద్దరిలో ఒకరు కలిగిన ఇంటివారు, ఒకరు లేని ఇంటివారు. ఇద్దరికీ బడి అందలేదు. అయినా చదువు విలువ వారికి తెలిసినంతగా మనకు తెలుసునా?

ఇటువంటి స్త్రీలు నేటికీ మన కళాశాలల చుట్టూ ఉన్నారు. తెల్లవారుజామున లేచి హాస్టలు పిల్లలకు వంట చేసే అమ్మ, గదులు ఊడ్చి గంట కొట్టే ఆయమ్మ, దూరం నుండి రోజూ బస్సులో వచ్చి పాఠం చెప్పి వెళ్ళే అధ్యాపకురాలు, ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కి ఆ డబ్బుతో బిడ్డకు ఫీజు కట్టే తల్లి. వీరి పటాలు ఏ గోడ మీదా ఉండవు. వచ్చే మార్చి 8న వీరిలో ఒక్కరినైనా వేదిక మీదికి పిలిచి, కుర్చీ వేసి, వారి మాట వినండి. చనిపోయాక సమాధి దగ్గర పొగడడం కన్నా, వినగలిగినప్పుడు ఒక మంచి మాట చెప్పడం మేలు.

తల్లిదండ్రులతో ఒక మాట

సభలో చప్పట్లు కొట్టిన మనమే ఇంటికి వచ్చి, “ఇంటరు అయింది, చాల్లే. మంచి సంబంధం వచ్చింది” అంటాము. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం చట్టరీత్యా నేరం. అంతమాత్రం చేత నిండిన మరునాడే చేయాలని చట్టం చెప్పలేదు. సంఘంలో వివాహ ప్రకటన చదవమని వచ్చేవారిని పాదిరిగా నేను అడిగే మొదటి ప్రశ్న, “అమ్మాయి చదువు పూర్తయిందా?” అనే. కొందరు నొచ్చుకుంటారు. ఫరవాలేదు. ఆ పిల్ల తరపున అడిగేవారు ఒకరైనా ఉండాలి కదా!

సంఘపెద్దలారా, మీ ఊళ్ళో ఈ ఏడు చదువు మానిన ఆడపిల్లలు ఎందరో లెక్క చూడండి. స్త్రీల సమాజం సహోదరీలారా, వారి ఇళ్ళకు వెళ్ళి తల్లితో కూర్చుని మాట్లాడండి. బస్సు ఛార్జీలే అడ్డమైతే సంఘం పూనుకోవచ్చు. భయమే అడ్డమైతే నలుగురు పిల్లలను ఒక జట్టుగా పంపవచ్చు.

కనకమ్మ గారికీ రోశమ్మ గారికీ మనం వేయగల మంచి పూలమాల అదే.