అత్తగారి పేరుకు అమెరికా కాగితం

మా ఆవకాయ సీసా మీద మా అత్తగారి పేరు ఉంటుంది. పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ బొమ్మ. రాజమహేంద్రవరంలో మా పెరట్లోనే మొదలైన వ్యాపారం. చెన్నై ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి రిజిస్ట్రేషన్ కాగితం వచ్చిన రోజున దానికి ఫ్రేము కట్టించి గల్లాపెట్టె వెనక తగిలించాం. ఆ పేరు ఇక ఎక్కడికెళ్లినా మాదేననుకున్నాం.

2019లో డల్లాస్ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. “వదినా, మనమ్మ పేరు ఇక్కడ ఎవరో రిజిస్టర్ చేయించేసుకున్నారు, తెలుసా?” ఎవరో కాదు, మా సరుకు తెప్పించుకుంటున్న దిగుమతిదారే. 2017 నవంబరులోనే చేయించేశాడు. అడిగితే “మీ మేలు కోసమేనమ్మా” అన్నాడు. మేం ఇంకొకరికి సరుకు పంపబోతే మాత్రం ఆ కాగితమే చూపించి అడ్డం పడ్డాడు.

ట్రేడ్‌మార్కుకు పొలిమేర ఉంటుందని అప్పుడు తెలిసింది. ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశంలోనే చెల్లుతుంది. చైనాలో అయితే ముందు ఎవరు దరఖాస్తు పెడితే పేరు వాళ్లదే. యాపిల్ అంతటి కంపెనీ 2012లో ఐప్యాడ్ పేరు కోసం అక్కడి ప్రోవ్యూ అనే కంపెనీకి 6 కోట్ల డాలర్లు కట్టుకుంది. అమెరికాలో ముందుగా వాడినవాళ్లకు హక్కు ఉంటుంది కాబట్టి మేం బతికిపోయాం. పైగా బతికున్న మనిషి పేరును ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా రిజిస్టర్ చేయకూడదని అక్కడి చట్టం. ఈ రెండూ పట్టుకుని మా లాయరు ఉత్తరం రాస్తే, దిగుమతిదారు కొంత డబ్బు పుచ్చుకుని 2020లో హక్కు మాకు రాసిచ్చాడు. మన పేరు మనమే కొనుక్కోవడం! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అతను చేయించింది పచ్చళ్లకే. ట్రేడ్‌మార్కుల లెక్కలో అది 29వ తరగతి సరుకు. మా కారప్పొడి 30వ తరగతిలోకి వస్తుంది, దానికి వేరే దరఖాస్తు. విదేశాల వాళ్లు అమెరికా లాయరు ద్వారానే వెళ్లాలని 2019 ఆగస్టు నుంచి నిబంధన, కాబట్టి ఆ ఫీజు తప్పదు. లేబుల్ మీద తెలుగు అక్షరాలున్నాయిగా, వాటిని ఎలా పలకాలో, అర్థమేమిటో ఇంగ్లీషులో రాసివ్వాలి. అత్తగారి చేత ఒప్పుకోలు సంతకం పెట్టించాలి. “నా పేరుకి నా సంతకమేంటే, చోద్యం కాకపోతే!” అంటూనే ఆవిడ తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టారు.

దిగుమతిదారు దగ్గర్నుంచి పచ్చళ్ల కాగితం చేతికొచ్చింది కదా, ఇక పదేళ్లు నిశ్చింత అనుకున్నాం. అక్కడే దెబ్బ తిన్నాం. పదేళ్లకోసారి రెన్యువల్ ఉండేది నిజమే కానీ, అమెరికాలో అంతకంటే ముందే, అయిదేళ్లు నిండాక ఆరేళ్లు నిండేలోపు, ఈ పేరును ఇంకా వాడుతున్నామని రుజువుతో చెప్పుకోవాలి. లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. మా గడువు 2023 నవంబరుతో అయిపోయింది. గుర్తుచేసే ఈమెయిల్ వచ్చిందట, పాత దిగుమతిదారుకి! హక్కు మా పేరున మార్పించుకున్నాం గానీ ఈమెయిల్ మార్పించడం మరిచిపోయాం. 2024 ఫిబ్రవరిలో విషయం బయటపడింది. ఆలస్యానికి వంద డాలర్లు అదనంగా కడితే ఇంకో ఆరు నెలలు గడువుంటుంది కాబట్టి గండం గట్టెక్కింది.

అదీ తేలిగ్గా కాదు. రుజువు అంటే అక్కడ నిజంగా అమ్ముతున్న సీసా ఫొటో, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ పనికిరాదు. మావాడేమో లేబుల్ కొత్తగా ఉండాలని నానమ్మ కళ్లజోడు తీసేయించాడు. రిజిస్టరైన బొమ్మకూ సీసా మీది బొమ్మకూ పోలిక కుదరకపోతే చిక్కేనన్నారు లాయరు. ఆడపడుచు డల్లాస్‌లో నాలుగు కొట్లు తిరిగి, ఒకచోట వెనక వరసలో పాత లేబుల్ సీసా పట్టుకుంది. మర్నాడే కళ్లజోడు మళ్లీ పెట్టించాను.

ఇంకో మాట. రిజిస్టరైన దగ్గర్నుంచీ ప్రభుత్వం పంపినట్టే కనిపించే ఉత్తరాలు వస్తాయి, ఇంత ఫీజు కట్టమని. చాలామటుకు మోసాలే. లాయరుకు చూపించకుండా రూపాయి కూడా పంపకండి.

తర్వాత సింగపూర్, ఆస్ట్రేలియాలకు మాడ్రిడ్ ఒప్పందం దారిలో వెళ్లాం. భారతదేశం 2013లో అందులో చేరింది. ఇక్కడి నుంచే ఒక్క దరఖాస్తు పెట్టి, కావలసిన దేశాలు రాసి, వాటి ఫీజులు కట్టడమే. ఒక మెలిక ఉంది: మొదటి అయిదేళ్లలో ఇక్కడి మూల రిజిస్ట్రేషన్ పోతే దాని మీద ఆధారపడ్డవన్నీ పోతాయి. అందుకే ఆ గల్లాపెట్టె వెనక కాగితానికి ఇప్పుడు మరింత మర్యాద.

పేరు సంగతి అది. ఇక మా పేటెంట్ ప్రయత్నం కథ పొట్టిది, ఎందుకంటే మొదట్లోనే చెడింది. ప్రతి ముక్కకూ టెంక ఉండేలా మామిడికాయ కొట్టే మిషన్ ఒకటి మా మేస్త్రీ తయారుచేశాడు. సంబరం పట్టలేక వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాం. ముందే లోకానికి చూపించినదాన్ని కొత్తదని ఒప్పుకోరు, ఇక్కడా, యూరప్‌లోనూ. అమెరికా మాత్రం ఏడాది వెసులుబాటు ఇస్తుంది. మామూలుగా అయితే ఇక్కడ దరఖాస్తు పెట్టిన 12 నెలల్లోపు బయటి దేశాల్లో పెడితే మొదటి తేదీయే లెక్కకొస్తుంది. ఇక్కడుండేవాళ్లు తమ ఆవిష్కరణకు ముందుగా విదేశంలో దరఖాస్తు పెట్టాలంటే మన పేటెంట్ ఆఫీసు అనుమతి ఉండాలి, లేదా ఇక్కడ పెట్టి ఆరు వారాలు ఆగాలి. అమెరికా పేటెంటును నిలబెట్టుకోవడానికి మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు కట్టే ఫీజులు లెక్కేసుకుని మేం మానుకున్నాం. ఆ మిషన్ ఇప్పుడు ఎవరైనా చేసుకోవచ్చు.

సరుకు ఓడెక్కించే ముందు ఆ దేశపు ట్రేడ్‌మార్క్ జాబితాలో మీ పేరు వెతకండి. అమెరికాది ఇంటర్నెట్‌లో ఉచితమే, పావుగంట పని. మా తర్వాతి గడువు 2027 నవంబరు. ఈసారి ఈమెయిల్ నాదే ఇచ్చాను.